తెరమీది అంకె నిజము చెప్పుచున్నదా?

ప్రయోగశాలలో అమ్మీటరు ముల్లు 2 ఆంపియర్ల వద్ద నిలిచినపుడు, తీగలో 2 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించుచున్నదని విద్యార్థి నమ్మును. ఆ నమ్మకమునకు మూడు గుణములు ఆధారము. మొదటిది, మీటరు తాను కొలుచు దానిని ఉన్నదున్నట్లు చూపవలెను. రెండవది, కొలుచుటకై వలయములో ప్రవేశించిన మీటరు ఆ వలయమును మార్చివేయరాదు. అందువలననే అమ్మీటరు నిరోధము మిక్కిలి తక్కువగా ఉండునట్లు నిర్మింతురు. మూడవది, తాను కొలవలేని స్థితి వచ్చినపుడు ఆ సంగతి చూచువానికి తెలియవలెను. ముల్లు స్కేలు చివరనున్న మేకును తాకి ఆగినచో, ఆ పఠనమును ఏ ఉపాధ్యాయుడును రికార్డు పుస్తకములో వ్రాయనీయడు.

కంప్యూటరు తెరమీద కనబడు ప్రతి అంకెయు ఇట్టి మీటరు పఠనమే. నిజమైన అంకె మెమొరీలో ఉండును. కంటికి కనబడునది దాని చిత్రము మాత్రమే. ఈ రెండును ఎల్లప్పుడు సరిపోవలెనన్నచో వాటిని కలుపు ఏర్పాటు ఒకటి కావలెను. దానికి డేటా బైండింగు అని పేరు. డేటా అనగా దత్తాంశము. బైండింగు అనగా ముడి. విండోస్ కంప్యూటర్లపై నడచు ప్రోగ్రాముల కొరకు మైక్రోసాఫ్టు సంస్థ 2006లో విడుదల చేసిన విండోస్ ప్రెజెంటేషన్ ఫౌండేషన్ ఈ ముడిని తన నిర్మాణమునకు పునాదిగా చేసికొనినది. దీనిని క్లుప్తముగా డబ్ల్యుపిఎఫ్ అందురు. ప్రోగ్రాము రచయిత తన అవసరమునకు తగిన కొత్త పరికరమును తానే నిర్మించి, దానిని దత్తాంశమునకు ముడివేసినపుడు, పైన చెప్పిన మూడు పరీక్షలలో ఆ ముడి ఎంతవరకు నెగ్గును, ఎచ్చట తప్పును అనునది విచారింపదగిన విషయము.

ముడి పుట్టిన విధము

ఈ భావము 2006లో ఆకాశమునుండి ఊడిపడినది కాదు. 1963లో ఐవన్ సదర్లాండ్ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి సమర్పించిన పరిశోధన గ్రంథమున స్కెచ్‌పాడ్ అను ప్రోగ్రామును వర్ణించెను. తెరపై కాంతి కలముతో గీతలు గీచి, ఈ రెండును సమాంతరముగా ఉండవలెనని చెప్పినచో, ఆ నియమమును కంప్యూటరే నెరవేర్చెడిది. సంబంధమును ఒకసారి చెప్పుట మనుష్యుని పని, దానిని కాపాడుట యంత్రము పని అను భావమునకు ఇది తొలి ఉదాహరణములలో ఒకటి.

తరువాత నార్వే దేశస్థుడైన ట్రిగ్వె రీన్స్‌కౌగ్ కాలిఫోర్నియాలోని జిరాక్స్ పాలో ఆల్టో పరిశోధన కేంద్రమునకు అతిథిగా వచ్చి, 1979లో మోడల్, వ్యూ, కంట్రోలరు అను విభజనను ప్రతిపాదించెను. మోడల్ విషయమును ఎరుగును. వ్యూ దానిని చూపును. కంట్రోలరు మనుష్యుని చేతల నందుకొనును. తనను ఎన్ని వ్యూలు చూపుచున్నవో మోడలునకు తెలియనక్కరలేదు. అదే సంవత్సరమున డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌లు తయారుచేసిన విజికాల్క్ అను లెక్కల పట్టిక వెలువడినది. ఒక గడిలోని అంకె మారగా, దానిపై ఆధారపడిన గడులన్నియు మారుట సామాన్య జనులు అందులో చూచిరి. 2005లో మైక్రోసాఫ్టు ఇంజనీరు జాన్ గాస్మన్ మోడల్-వ్యూ-వ్యూమోడల్ అను పద్ధతిని వివరించెను. అందులో పూర్వపు కంట్రోలరు చేయుచుండిన పనిలో చాలభాగము ముడులకే అప్పగింపబడినది.

ముడి పనిచేయు విధము

ఒక తరగతి మార్కుల పట్టీని నిర్వహించు ప్రోగ్రామును ఊహింపుడు. విద్యార్థి పేరు, అతని మార్కులు మెమొరీలో ఉన్నవి, ఇది మోడల్. బటన్లు, టెక్స్టుబాక్సులు, జాబితాలు డబ్ల్యుపిఎఫ్‌తో సిద్ధముగా వచ్చును. వీటిని కంట్రోళ్లు అందురు. మార్కులను గడియారము వంటి డయలుపై ముల్లుతో చూపవలెనని రచయిత తలచినాడు. అట్టి డయలు సిద్ధముగా దొరకదు. దానిని అతడే నిర్మించుకొనవలెను. ఇట్లు నిర్మించిన దానిని సొంత కంట్రోలు అనవచ్చును.

ముడి పడుటకు నాలుగు సంగతులు కావలెను. మొదటిది, డయలులోని ‘విలువ’ అను లక్షణము డిపెండెన్సీ ప్రాపర్టీగా, అనగా ఆధారిత లక్షణముగా, నమోదు కావలెను. సామాన్య లక్షణము పెట్టెలో దాచిన అంకె వంటిది. ఆధారిత లక్షణమునకు విలువ పలుచోట్లనుండి రావచ్చును: నేరుగా ఇచ్చినది, అలంకరణ నియమమునుండి వచ్చినది, పై భాగమునుండి వారసత్వముగా దిగినది, ఏదియు లేనిచో ముందే నిర్ణయించిన తొలివిలువ. వీటిలో దేని అధికారము ఎక్కువయో డబ్ల్యుపిఎఫ్ నియమించినది.

రెండవది, మార్కు మారినపుడు మోడల్ ఆ సంగతిని చాటవలెను. చాటనిచో డయలు మొదటిసారి సరిగా చూపి, తరువాత పాత అంకెనే పట్టుకొని కూర్చుండును. మూడవది, ముడి ఏకముఖమో ద్విముఖమో తెలుపవలెను. ఏకముఖమైనచో మోడల్ మారగా డయలు మారును. ద్విముఖమైనచో ముల్లును త్రిప్పగా మోడలు కూడ మారును. నాల్గవది డేటాకాంటెక్స్టు, అనగా తెరలోని ఈ భాగము ఎవరి విషయమును చూపుచున్నదో తెలుపు సందర్భము. పుటకు ఒకసారి ‘ఈ విద్యార్థి’ అని చెప్పినచో, ఆ సందర్భము లోపలి భాగములన్నిటికి దిగివచ్చును.

ఈ ఏర్పాటు గొప్పతనమును ముందుగా ఒప్పుకొనవలెను. ముడులు లేని ప్రోగ్రాములో ఒక విద్యార్థి మార్కు పట్టికలోను, డయలుపైనను, మొత్తములోను కనబడుచున్నచో, అంకె మారినప్పుడెల్ల రచయిత మూడు చోట్లను తానే సరిదిద్దవలెను. ఒక్క చోట మరచినను ఒకే తెరపై రెండు నిజములు వెలయును. ముడి ఉన్నచో సంబంధమును ఒకసారి చెప్పిన చాలును. నిజమునకు ఒకే స్థానము ఏర్పడును. అంతేకాక, తెర లేకుండగనే మోడలును విడిగా పరీక్షింపవచ్చును. సిద్ధముగా వచ్చిన కంట్రోళ్లను వాడినంతకాలము ఈ మేలు చాలవరకు అనుభవమునకు వచ్చును. చిక్కులు పెక్కు సొంత కంట్రోలుతో ఆరంభమగును.

మొదటి పరీక్ష: ఉన్నదున్నట్లు చూపుట

డయలుపై 0 నుండి 100 వరకే గీతలున్నవి. ఒక విద్యార్థికి వచ్చిన 35 మార్కులు ప్రక్కనున్న టెక్స్టుబాక్సులో పొరపాటున 350గా టైపు అయినవనుకొనుడు. ముల్లు 350 వరకు పోజాలదు. కనుక విలువను హద్దులోనికి తెచ్చు కోయెర్షన్ అను సౌకర్యమును డయలు రచయిత వాడుకొనును; ఇది డబ్ల్యుపిఎఫ్ స్వయముగా ఇచ్చినదే. ముల్లు 100 వద్ద నిలుచును. కాని ముడి రెండవ కొననున్న మోడలులో 350 అట్లే ఉండును. ముడి ద్విముఖమైనను, సవరించిన 100 వెనుకకు పోదు. ఇది కేవలము సొంత కంట్రోలు రచయిత లోపము కాదు. డబ్ల్యుపిఎఫ్‌తో సిద్ధముగా వచ్చు స్లైడరు కూడ ఇట్లే నడచును.

ఫలితమేమి? 40 మంది గల తరగతిలో ఈ ఒక్క పొరపాటు మొత్తమును 315 పెంచును; సగటు దాదాపు 8 మార్కులు పెరుగును. లెక్క మోడలునుండి జరుగును కనుక నివేదికలో తప్పు సగటే అచ్చగును. డయళ్లను చూచి సరిచూచు ఉపాధ్యాయునకు మాత్రము 100 అను నమ్మదగిన అంకె కనబడును. అసాధ్యమైన అంకెను పట్టి ఇవ్వవలసిన పరికరమే దానికి సాధ్యమైన అంకె వేషము వేసినది.

ఈ నడవడికి కారణము లేకపోలేదు. డయలు గరిష్ఠ హద్దు విలువకంటె ఆలస్యముగా అందవచ్చును. అప్పుడు సవరించిన అంకెనే మోడలునకు పంపినచో, అసలు అంకె శాశ్వతముగా నశించును. కనుక డబ్ల్యుపిఎఫ్ కోరిన విలువను జ్ఞాపకముంచుకొని, హద్దు పెరిగినపుడు ముల్లును అచ్చటికి పోనిచ్చును. ఇది వివేకమే. కాని అమ్మీటరు చివర మేకు ఉన్నట్లు, ఇచ్చట ‘ముల్లు ఆపబడినది’ అని తెలుపు గుర్తు ఏదియు తనంతట రాదు. దానిని గీయుట సొంత కంట్రోలు రచయిత బాధ్యత. ఆ బాధ్యత ఉన్నదని సౌకర్యము స్వయముగా హెచ్చరింపదు.

ఇదే పరీక్షలో ఇంకొక చిక్కు కలదు. లక్షణమునకు విలువ వచ్చు గుమ్మమువద్దనే తనిఖీ వ్రాయుట ప్రోగ్రాము రచనలో మంచి అలవాటు. డబ్ల్యుపిఎఫ్‌లో ఆధారిత లక్షణమునకు బయట కనబడు గుమ్మము, ప్రోగ్రాము వ్రాయువాని సౌకర్యమునకు పెట్టినది మాత్రమే. ముడి ఆ గుమ్మమున రాదు; విలువను నేరుగా లోపలి గదికి చేర్చును. గుమ్మమువద్ద నిలిపిన కావలివాడు ముడిగుండ వచ్చిన అంకెను చూడనే చూడడు. కనుక చేతితో పరీక్షించినపుడు నెగ్గిన డయలు, ముడితో వాడినపుడు ఓడును. తనిఖీకి వేరుగా స్థానములున్నవని నిజమే. కాని మంచి అలవాటును ఉచ్చుగా మార్చు ఏర్పాటును మంచి ఏర్పాటు అనరాదు.

రెండవ పరీక్ష: వలయమును మార్చకుండుట

డయలు లోపల ముల్లు, గీతలు, క్రింద అంకె అను చిన్న భాగములున్నవి. ఇవియు డయలు విలువకు ముడిపడవలెను. తొందరలోనున్న రచయిత, డయలుకు డేటాకాంటెక్స్టు డయలే అని నిర్ణయించును. లోపలి ముడులన్నియు వెంటనే పనిచేయును. కాని పుటనుండి దిగివచ్చుచుండిన ‘ఈ విద్యార్థి’ అను సందర్భము అచ్చటనే తెగినది. డయలును పుటలో వాడుకొనువాడు దాని విలువను ‘మార్కు’నకు ముడివేసినపుడు, ఆ ముడి విద్యార్థివద్దకు పోదు, డయలులోనే ‘మార్కు’ అను లక్షణమును వెదకి, దొరకక ఊరకుండును. కొలుచుటకు వచ్చిన మీటరే వలయమును తెంచినది.

చికిత్స సులభమే. సందర్భమును డయలుమీద కాక దాని లోపలి మొదటి భాగముపై నిర్ణయింపవచ్చును. లేదా లోపలి ముడులలో ప్రతిదానికిని ‘నన్ను ధరించిన డయలును చూడుము’ అని స్పష్టముగా చెప్పవచ్చును. ఈ రెండు మార్గములలోను డయలు బయటి సందర్భమును తాకదు. సిద్ధముగా వచ్చు బటను తన యజమాని సందర్భమును ఎన్నడును లాగుకొనదు. సొంత కంట్రోలునకు ఆ మర్యాదయే ప్రమాణము కావలెను.

రెండవ దోషము ఇంతకంటె సూక్ష్మమైనది. ఏకముఖముగా ముడివేసిన డయలులో, లోపలి ప్రోగ్రాము విలువను నేరుగా మార్చినచో ఆ ముడి తొలగిపోవును. కారణమేమనగా, నేరుగా ఇచ్చిన విలువకును ముడికిని ఉన్నది ఒకే పీట. ఒకటి కూర్చున్నచో రెండవది లేవవలసినదే. అటుతరువాత మోడల్ ఎన్నిసార్లు మారినను డయలు కదలదు. 2010లో వచ్చిన డాట్‌నెట్ 4లో సెట్‌కరెంట్‌వాల్యూ అను ఉపాయము చేర్చబడినది. అది ముడిని తెంపక విలువను మార్చును. అనగా సొంత కంట్రోళ్ల రచయితలకు అవసరమైన ఈ సాధనము మొదటి విడుదల తరువాత నాల్గవ ఏట గాని చేతికి రాలేదు.

ఇది ఒక్క సంస్థ అజాగ్రత్త అని తీర్పు చెప్పుటకు వీలులేదు. క్యూట్ అను మరియొక ప్రసిద్ధ సాధనములో 2010నుండి వాడుకలోనున్న క్యూఎమ్ఎల్ భాషయందును, ముడివేసిన లక్షణమునకు ప్రోగ్రాములో నేరుగా అంకె నిచ్చినచో ముడి తెగిపోవును. ‘ఇది ఎల్లప్పుడు దానికి సమానము’ అనుట ఒక విధమైన మాట; ‘ఇప్పుడు దీనిని ఇంత చేయుము’ అనుట మరియొక విధమైన మాట. రెండింటిని ఒకే లక్షణముపై పలికినచో ఎవరి మాట నిలువవలెనన్న ప్రశ్న ఎచ్చటనైనను వచ్చును. విమర్శింపవలసినది తీర్పును కాదు. తీర్పు మౌనముగా జరుగుటను.

మూడవ పరీక్ష: కొలవలేనపుడు చెప్పుట

డబ్ల్యుపిఎఫ్ ఎక్కువగా తప్పునది ఈ పరీక్షలోనే. ముడిలో లక్షణము పేరు కేవలము అక్షరముల వరుసగా వ్రాయబడును. ‘మార్కు’ అను పేరులో ఒక అక్షరము తప్పినను ప్రోగ్రాము తయారగును, నడచును, పుట తెరచుకొనును. తప్పు జరిగినదన్న వార్త ప్రోగ్రాము రచయిత వాడు పరికరములో ఒక పంక్తిగా నమోదగును. దానిని ఉపయోగించు ఉపాధ్యాయునకు అది కనబడదు. డయలు తన తొలివిలువను చూపును. రచయిత వేరుగా చెప్పనిచో అంకెలకు అది సాధారణముగా 0.

ఇచ్చట 0 అనునది సామాన్యమైన సంగతి కాదు. పరీక్షకు రాని విద్యార్థికి మార్కుల పట్టీలో 0 వేయరు, రాలేదని వ్రాయుదురు. వ్రాసి ఏమియు తెచ్చుకొననివాడు వేరు, అసలు వ్రాయనివాడు వేరు. ఈ భేదమును ప్రతి ఉపాధ్యాయుడు ఎరుగును. తెగిన ముడిగల డయలు ఈ భేదమును చెరిపివేయును. తీగ ఊడిన అమ్మీటరు 0 చూపుటయు, విద్యుత్తు లేని వలయములోని అమ్మీటరు 0 చూపుటయు ఒకటి కావని విద్యార్థికి బోధించి, తెరమీద మాత్రము రెంటిని ఒకటిగా చూపుట శాస్త్రీయము కాదు.

ఈ మౌనమును సమర్థించువారు కలరు. ఒక్క పేరు తప్పినంత మాత్రమున పుట అంతయు ఆగిపోరాదని వారందురు. పుట తెరచుకొను క్షణములలో దత్తాంశము ఇంకను రాకపోవుట సహజమనియు, అప్పుడెల్ల కేకలు వేసినచో నిజమైన తప్పు వినబడదనియు చెప్పుదురు. ఈ వాదములో బలమున్నది. కాని ఆగకుండుట వేరు, అబద్ధమాడుట వేరు. పుటను నడువనిచ్చి, ఆ ఒక్క డయలును బూడిదరంగులో ముల్లు లేకుండ చూపుటకు అడ్డమేమియు లేదు. తొలివిలువను 0గా కాక ‘అంకె కానిది’గా నమోదుచేసి, అట్టి స్థితికి వేరు చిత్రము గీచినచో చాలును. ముడి విఫలమైనపుడు వాడవలసిన విలువను తెలుపుటకు ఫాల్‌బ్యాక్‌వాల్యూ అను ఏర్పాటును డబ్ల్యుపిఎఫ్ ఇచ్చినది. సాధనములున్నవి, వాటిని అడిగి తీసికొనవలెను. అడుగనివానికి మౌనమే దక్కును.

2015లో విండోస్ 10తో వచ్చిన వేరొక చట్రములో ముడుల పేర్లను ప్రోగ్రాము తయారగునపుడే సరిచూచు పద్ధతిని మైక్రోసాఫ్టు ప్రవేశపెట్టినది. పేరు తప్పినచో ప్రోగ్రాము తయారు కాదు. పాత ఏర్పాటులోని మౌనము లోపమేయని ఇంతకంటె స్పష్టమైన ఒప్పుకోలు వేరుండదు. అయినను ఈ కొత్త పద్ధతి పేరు తప్పును మాత్రమే పట్టును. 350ని 100గా చూపు డయలును పట్టజాలదు.

సొంత కంట్రోలునకు ప్రయోగశాల

ఈ విచారమునుండి తేలునదేమనగా, ముడి భావము ఉత్తమమైనది. దానిని సొంత కంట్రోలుతో కలుపు చోట డబ్ల్యుపిఎఫ్ రచయితను తగినంత హెచ్చరింపదు. కావున కంట్రోలు నిర్మించు విద్యార్థి, దానిని అందమునుబట్టి కాక మీటరును పరీక్షించినట్లు పరీక్షింపవలెను. దీనికి నాలుగు ప్రయోగములు చాలును. మోడలులో హద్దు మీరిన అంకెను ఉంచి, డయలుపై ఆ సంగతి కనబడునా అని చూడవలెను. ఒకే పుటలో ఇద్దరు విద్యార్థులకు రెండు డయళ్లు పెట్టి, దేని విద్యార్థిని అది చూపుచున్నదా అని చూడవలెను. ఏకముఖ ముడి వేసి, డయలు లోపలి పనులన్నియు నడపిన పిమ్మట, మోడలును మార్చినచో ముల్లు ఇంకను కదలునా అని చూడవలెను. చివరకు ముడి పేరులో బుద్ధిపూర్వకముగా ఒక అక్షరము తప్పువ్రాసి, డయలు 0 చూపునో, ‘నాకు తెలియదు’ అని చూపునో గమనింపవలెను.

ఈ ప్రయోగములకు పెద్ద పరికరములు అక్కరలేదు. ఒక పూట చాలును. వీటిలో ఓడిన డయలుతో మార్కుల పట్టీ సిద్ధపరచుట, సున్న సరిచూడని మీటరుతో పఠనములు తీయుట వంటిది. మార్కుల పట్టీలోని ప్రతి అంకె వెనుక ఒక బాలుడో బాలికయో కలరు; తమ మార్కు ఏ ముడిగుండ తెరకు వచ్చినదో వారికి తెలియదు. తెలిసికొనవలసిన బాధ్యత ఆ డయలును నిర్మించువానిది.